గుర్తులు కలిసినా బుల్లెట్ ఎందుకు తంతోంది?

పాత బండ్ల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజను విప్పి మళ్ళీ బిగించాక మొదలైన కష్టాలే. హనుమకొండ నుంచి వచ్చినదానికి ఎక్కువ చోటిస్తున్నాను. ఆ ఒక్క జవాబు చదివితే మిగతా నలుగురైదుగురి అనుమానాలు కూడా తీరతాయి.

ప్రశ్న: మా బాపు నడిపిన 1970ల నాటి బుల్లెట్ 350 మా ఇంట్లో ఉంది. బిగ్ ఎండ్ (పిస్టన్ కడ్డీ కింది కొసన ఉండే బేరింగు) శబ్దం చేస్తోందని ఇంజను మొత్తం విప్పించాం. బిగించి తెచ్చినప్పటి నుంచి స్టార్ట్ కాదు. అయినా కార్బురేటర్ లోంచి బుస్సుమని మంట కక్కుతోంది. కిక్కు కొడితే వెనక్కి తంతోంది, మా తమ్ముడి మడమ వాచిపోయింది. మెకానిక్ "క్యామ్ ఒక పన్ను తప్పింది, మళ్ళీ విప్పాలి" అంటున్నాడు. ఇంకొకాయన టైమింగ్ కవర్ తీసి చూసి "గేర్ల మీది గుర్తులన్నీ కలిసే ఉన్నాయి, క్యామ్ జోలికి పోవద్దు" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి? నేను బడిలో సైన్స్ చెప్తాను. చూసే పద్ధతి చెబితే ఇంట్లో మేమే చూసుకుంటాం.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, సైన్స్ టీచరునని చెప్పి నా పని సగం తేలిక చేశారు. ఆ ఇద్దరిలో ఎవరి మాటా ఇప్పుడే నమ్మకండి. ఇద్దరూ కొలవలేదు.

ముందు ఆ తన్నుడు సంగతి చూద్దాం. వాల్వులను తెరిచే క్యామ్ తప్పితే బండికి బలం ఉండదు, దగ్గుతుంది, వేడెక్కుతుంది. కానీ కాలిని వెనక్కి తన్నేది నిప్పు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ప్లగ్గు నిప్పు కొడితే, మండిన గాలి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపే కిక్కు రాడ్డు మీదుగా మీ తమ్ముడి మడమకు తగిలింది. అందుకే క్యామ్ ముట్టుకునే ముందు పాయింట్లు, అంటే విడివడగానే ప్లగ్గులో నిప్పు పుట్టించే స్విచ్చు, చూడాలి. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే బుల్లెట్‌లో పాయింట్ల క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. వాల్వుల క్యామ్‌లను తిప్పే గేర్ల వరుసలోనే, వాటి తర్వాత దానికి కదలిక అందుతుంది. టైమింగ్ కవర్ తీసి గేర్లు కదిపారంటే వాల్వులతో పాటు నిప్పు టైమింగ్ కూడా చెదిరి ఉంటుంది. వాల్వుల క్యామ్ గుర్తులు సరిచూసుకున్నవాళ్ళు కూడా పాయింట్ల దగ్గరికొచ్చేసరికి అంచనాతో బిగించేస్తారు.

నిప్పు సరిగ్గా ఒక చుట్టు తేడాతో పడుతుంటే బండి తన్నదు. అప్పుడు కంప్రెషనే లేని చోట నిప్పు పడుతుంది కాబట్టి సైలెన్సర్‌లోనో కార్బురేటర్‌లోనో టప్పుమని పేలి ఊరుకుంటుంది. మీ బండి తంతోందంటే నిప్పు కంప్రెషన్ స్ట్రోకులోనే పడుతోంది, కాకపోతే బాగా ముందుగా. ఇలా రెండు కారణాల వల్ల జరుగుతుంది. ఒకటి, పాయింట్ల ప్లేటు తప్పు చోట బిగించడం. రెండోది, ఆ ప్లేటు కింద ఉండి, వేగం పెరిగేకొద్దీ నిప్పును ముందుకు జరిపే ఆటో అడ్వాన్స్ బరువులు బిగుసుకుపోవడం. పాయింట్ల క్యామ్‌ను వేళ్ళతో కొంచెం మెలిపెట్టి వదలండి. స్ప్రింగు లాగి వెనక్కి రావాలి. రాకపోతే లోపల పాత గ్రీజు ఎండిపోయిందనో, స్ప్రింగు తెగిందనో అర్థం. చాలాకాలం మూలకు పడున్న బండ్లలో ఇది మామూలే.

తర్వాత పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. అడ్వాన్స్ బరువులు వాటి మామూలు స్థితిలో ఉండగా, పిస్టన్ పై కొసకు 0.8 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు పాయింట్లు విడివడాలి. క్రాంక్ లెక్కలో అది దాదాపు 10 డిగ్రీలు. పాయింట్లు విడివడే క్షణం ఎలా తెలుస్తుందంటే, హెడ్‌లైట్ ఆపి తాళం తిప్పండి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు హెడ్‌లైట్ పైనున్న ఆంపియర్ మీటరు ముల్లు డిశ్చార్జి వైపు వంగి ఉంటుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. మీ బాపు కిక్కు కొట్టే ముందు ఆ ముల్లు చూసేవారు కదా, అందుకే. మీటరు పాడైతే సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఉండండి, వదిలిన చోటే విడివడిన చోటు.

తన్నుడు దీంతోనే ఆగిపోవచ్చు. కానీ కార్బురేటర్ మంట ఇంకా ఉంటే క్యామ్‌ను కూడా అనుమానించాలి. ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే, లోపలికి పోయిన గాలి పెట్రోలు పిస్టన్‌తో పాటు మళ్ళీ కార్బురేటర్ వైపే వస్తాయి.

క్యామ్ చూడ్డానికి టైమింగ్ కవర్ తీయనక్కర్లేదు. సిలిండర్ కుడి వైపు కింద ఒకే నట్టుతో ఉండే చిన్న ట్యాపెట్ కవర్ తీయండి. క్యామ్ మీద ఆనే ట్యాపెట్లు, వాటి పైన వాల్వుల వైపు తోసే రెండు పుష్‌రాడ్లు కనిపిస్తాయి. ప్లగ్గు తీసి, బండి సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకు తిప్పండి. ఇంజను మీ చేతిలో ఉన్నట్టే. ఇప్పుడు రెండు వేళ్ళతో పుష్‌రాడ్‌ను తిప్పి చూడండి. వాల్వు మూసి ఉన్నప్పుడు అది నూనె రాసినట్టు సులువుగా తిరుగుతుంది, పైకీ కిందికీ మాత్రం ఆడదు. ఈ ఇంజనుకు చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ సర్దుబాటు అంటే అదే. చక్రం తిప్పుతూ పోతే ఒకచోట పుష్‌రాడ్ వేళ్ళ మధ్య బిగుసుకుంటుంది. అక్కడ వాల్వు తెరుచుకోవడం మొదలైంది. మళ్ళీ వదులైన చోట మూసుకుంది. ఆ బిగుసుకునే క్షణాన్ని పట్టుకోవడం పది నిమిషాల్లో చేతికి అలవాటవుతుంది.

ఆ క్షణాలను డిగ్రీల్లో కొలవాలి. అందుకు డిగ్రీ ప్లేటు కొనక్కర్లేదు. బడిలోని కోణమానిని చూసి అట్ట మీద 360 డిగ్రీలు గీయండి, ఎంత పెద్దదైతే అంత మంచిది. ఎడమవైపు ప్రైమరీ కవర్ తీసి (కింద ట్రే పెట్టండి, చైను ఆయిల్ కారుతుంది) క్రాంక్ కొస నట్టుకు దాన్ని బిగించండి. ఇంజను మీద ఏదో ఒక స్క్రూకు కట్టిన ఇనుప తీగ ముల్లుగా పనిచేస్తుంది.

పిస్టన్ పై కొసను, అంటే టీడీసీని, ప్లగ్గు బొక్కలో పుల్ల పెట్టి కనిపెట్టాలని చూడకండి. పై కొస దగ్గర క్రాంక్ చాలా డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే ఉండదు. పాత ప్లగ్గు లోపలి పింగాణీ కొట్టేసి, దాని ఖాళీలో ఒక బోల్టు బిగించి పెట్టుకోండి. లేత్ షాపులో ఐదు నిమిషాల పని. దాన్ని ప్లగ్గు బొక్కలో బిగిస్తే పిస్టన్ పై కొసకు రాకుండా బోల్టుకు తగిలి ఆగుతుంది. క్రాంక్‌ను ముందుకు తిప్పి ఆగిన చోట అంకె రాసుకోండి. వెనక్కి తిప్పి ఆగిన చోట మళ్ళీ రాసుకోండి. ఒకవైపు 32, మరోవైపు 46 వచ్చిందనుకోండి. మొత్తం 78, సగం 39. రెండు వైపులా 39 చూపేలా ప్లేటును 7 డిగ్రీలు జరపండి. ఇప్పుడు సున్నా దగ్గర నిజమైన టీడీసీ ఉంది. ఈ పనంతా చేత్తో మెల్లగానే చేయాలి. కిక్కు కొడితే బోల్టు పిస్టన్‌ను పొడుస్తుంది.

కాస్ట్ ఐరన్ 350కి లెక్క ఇదీ. ఇన్‌లెట్ టీడీసీకి 30 డిగ్రీల ముందు తెరుచుకుని, కింది కొస దాటాక 60 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ కింది కొసకు 75 డిగ్రీల ముందు తెరుచుకుని, టీడీసీ దాటాక 35 డిగ్రీలకు మూసుకుంటుంది. ఇలాంటి అంకెలన్నీ ట్యాపెట్ దగ్గర కొంత సందు పెట్టి కొలిచినవి. సందు లేకుండా కొలిస్తే మీకు తెరుచుకోవడం ముందుగా, మూసుకోవడం ఆలస్యంగా వస్తుంది. అందుకని విడి అంకెలు చూసి టెన్షన్ పడకండి, క్యామ్ శిఖరం ఎక్కడుందో లెక్కేయండి.

ఇన్‌లెట్‌కి మూసుకునే అంకె లోంచి తెరుచుకునే అంకె తీసేసి, వచ్చినదాంట్లో సగం 90కి కలపండి. 60లో 30 పోతే 30, సగం 15, మొత్తం 105. అంటే టీడీసీ దాటిన 105 డిగ్రీలకు ఇన్‌లెట్ పూర్తిగా తెరిచి ఉంటుంది. ఎగ్జాస్ట్‌కి 75లో 35 పోతే 40, సగం 20, మొత్తం 110. ఇది టీడీసీకి ముందు. సందు అటూ ఇటైనా శిఖరం పెద్దగా మారదు.

ఇప్పుడు మీ కొలత ఇన్‌లెట్‌కి 12, 78 అని వచ్చిందనుకోండి. శిఖరం 123 దగ్గర ఉంది, 18 డిగ్రీలు ఆలస్యం. వాల్వు తెరిచి ఉన్న మొత్తం మాత్రం 270 డిగ్రీలే, మారలేదు. ఇది పన్ను తప్పిన క్యామ్. ఒక పన్ను తేడా ఎంతో తెలియాలంటే 720ని క్యామ్ గేరు పళ్ళ సంఖ్యతో భాగించండి. 40 పళ్ళుంటే 18. మీ గేరు పళ్ళు ఎన్నో లెక్కపెట్టుకోండి. తేడా ఒక పన్నుకు సరిపోతే మొదటి మెకానిక్ చెప్పిందే నిజం.

అలా కాక 20, 50 అని వస్తే? శిఖరం 105 దగ్గరే ఉంది, కానీ తెరిచి ఉండే కాలం 250కి తగ్గింది. టైమింగ్ తప్పలేదు, క్యామ్ అరిగింది. ఎన్ని పళ్ళు జరిపినా లాభం లేదు, క్యామ్ మార్చాల్సిందే. గుర్తులు చూసే మనిషికి ఇది ఎప్పటికీ కనిపించదు. గేరు మీద చుక్క క్యామ్ ఎంత అరిగిందో చెప్పదు కదా. ఇంకో సంగతి, విడిభాగాల కొట్లో దొరికే క్యామ్‌ల మీద చుక్క అన్నిసార్లూ సరైన చోటే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. కొత్త క్యామ్ వేసినప్పుడు గుర్తు కలిపి వదిలేసేవాళ్ళకు బండి ఇవ్వకండి.

గేర్లు విప్పాల్సి వస్తే, క్రాంక్ కొసన ఆయిల్ పంపును తిప్పే వార్మ్ నట్టుకు ఉల్టా థ్రెడ్ ఉంటుంది. మామూలు నట్టు అనుకుని బలం పెడితే క్రాంక్ మర పోతుంది. పన్ను జరిపాక కవర్ మూసే ముందు ప్లగ్గు లేకుండా రెండు చుట్లు చేత్తో తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయండి, అది వాల్వు పిస్టన్‌ను కొడుతున్న చోటు.

ప్రశ్న: కాజీపేట డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా ఇంజన్లకు ట్యాపెట్లు పెట్టేటప్పుడు ఒకే వైపు తిప్పాలని గట్టిగా చెప్పేవారు. ఇక్కడ కుర్రాళ్ళు బుల్లెట్ చక్రం ముందుకీ వెనక్కీ ఊపుతూ టైమింగ్ చూస్తున్నారు. చిన్న ఇంజనుకు ఆ నియమం వర్తించదా? డిగ్రీ ప్లేటు లేకుండా ఒక్క చూపులో తేల్చే ఉపాయం ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: పెద్దాయనా, వర్తిస్తుంది. పాత బుల్లెట్ గేర్లకు మీ లోకోమోటివ్ గేర్లకంటే ఎక్కువే ఆట ఉంటుంది. ముందుకు తిప్పితే పళ్ళు ఒకవైపు ఆనుకుంటాయి, వెనక్కి తిప్పితే రెండోవైపు. మధ్యలో ఉన్న ఆట డిగ్రీల్లో తేడాగా కనిపిస్తుంది. అందుకని ఇంజను నడిచే దిక్కులోనే, కుడి వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కులో, తిప్పాలి. కావాల్సిన అంకె దాటిపోతే పావు చుట్టు వెనక్కి పోయి మళ్ళీ ముందుకు రావాలి. పైన చెప్పిన ప్లగ్గు బోల్టు పనికి మాత్రం వెనక్కి తిప్పక తప్పదు. అక్కడ చూసేది పిస్టన్‌ను, క్యామ్‌ను కాదు కాబట్టి నష్టం లేదు.

మీరడిగిన ఉపాయం ఉంది. ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటున్న టీడీసీ దగ్గర ఇంజను ఆపండి. రెండు పుష్‌రాడ్లూ బిగుసుకునే ఉండాలి. వాల్వులు మూసి ఉన్నప్పటి కంటే ప్రతి ట్యాపెట్ ఎంత పైకి లేచిందో స్టీలు స్కేలుతో కొలవండి. 30, 35 అంకెలున్న ఇంజనులో ఆ రెండు ఎత్తులూ దాదాపు సమానంగా ఉంటాయి. ఒకటి బాగా లేచి, రెండోది అసలు లేవకపోతే పన్ను తప్పినట్టే. రెండు చుట్లకు ఒకసారి వచ్చే టీడీసీ ఇది, రెండోది కంప్రెషన్‌ది. అక్కడ రెండు పుష్‌రాడ్లూ వదులుగా తిరుగుతాయి. ట్యాపెట్ సర్దుబాటు చేయాల్సింది ఈ రెండోదాని దగ్గర. ఇది మీకు చెప్పాల్సిన పని లేదు, కుర్రాళ్ళు చదువుతారని రాశాను.

ప్రశ్న: నా దగ్గర 1982 యెజ్దీ ఉంది. మా ఊరి మెకానిక్ క్యామ్ టైమింగ్ పెట్టాలని డబ్బులడిగాడు. ఎంత అవుతుంది?
– ఒక పాఠకుడు, మంథని

జవాబు: సున్నా. యెజ్దీ టూ స్ట్రోకు, అందులో వాల్వులు లేవు, వాటికి క్యామ్‌లూ లేవు. సిలిండర్ గోడలోని బొక్కలను పిస్టనే తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఇగ్నిషన్ టైమింగ్ పెడతానని ఆయన అని ఉంటే, మీరు మరోలా విని ఉంటే, పని చేయించండి. లేదంటే ఇంకో మెకానిక్‌ను చూసుకోండి.

ప్రశ్న: మా నాన్న హీరో హోండా సీడీ 100 టైమింగ్ చైను మార్పించాం. శబ్దం పోయింది, దాంతోపాటు పికప్ కూడా పోయింది. గడ్డ ఎక్కాలంటే రెండో గేరు వేయాల్సి వస్తోంది. కార్బురేటర్ రెండుసార్లు కడిగించాం.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: కార్బురేటర్‌ను ఇక వదిలేయండి. చైను మార్చిన రోజే పికప్ పోయిందంటే చైను ఒక పన్ను అటూ ఇటూ పడింది. ఈ ఇంజనులో క్యామ్ హెడ్‌లోనే ఉంటుంది, చైను దాన్ని తిప్పుతుంది. ఎడమవైపు మాగ్నెట్ మీద రెండు గీతలుంటాయి, ఒకదాని పక్కన టి, ఒకదాని పక్కన ఎఫ్. ఎఫ్ నిప్పు పడే చోటు. క్యామ్ పెట్టేది టి దగ్గర. తొందరలో ఎఫ్ కలిపి చైను ఎక్కించేవాళ్ళున్నారు. టి గీత ఇంజను మీది గుర్తుకు ఎదురుగా ఉన్నప్పుడు, పైన క్యామ్ స్ప్రాకెట్ మీద సున్నా ఆకారంలో ఉన్న గుర్తు హెడ్ మీది గాడికి ఎదురుగా రావాలి. చైను ఎక్కించి, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ వదిలాక, ఎడమవైపు నుంచి చూస్తే గడియారానికి ఉల్టాగా రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్ళీ చూడమనండి. చైను వదులుగా ఉన్నప్పుడు కలిసిన గుర్తు, టెన్షనర్ లాగాక ఒక పన్ను జరిగిపోవడం సాధారణంగా జరిగేదే. పక్కన నిలబడి ఆ రెండో చూపు మీరూ చూడండి. అది చూడకుండానే కవర్ బిగిస్తుంటే ఆపండి.

ప్రశ్న: బుల్లెట్ టైమింగ్ కవర్ తీసి మళ్ళీ బిగించేటప్పుడు క్యామ్ కాకుండా ఇంకేం చూసుకోవాలి? ఐటీఐ చదువుతున్నాను, మా మామ బండి మీద నేర్చుకుంటున్నాను.
– ఒక విద్యార్థి, పెద్దపల్లి

జవాబు: తమ్మీ, మామ బండి కాబట్టి జాగ్రత్త ఇంకా ఎక్కువ. కవర్ లోపల క్రాంక్ కొస దూరే చోట చిన్న సీల్ ఉంటుంది. బిగ్ ఎండ్‌కు ఆయిల్ ఆ కొస గుండానే పోతుంది. ఆ సీల్ చిరిగినా, మడత పడినా ఆయిల్ పక్కకు కారిపోయి బిగ్ ఎండ్ ఎండిపోతుంది. ధర చూస్తే చాలా తక్కువ, కవర్ తీసిన ప్రతిసారీ కొత్తది వెయ్యి. గ్యాస్కెట్ పేస్ట్ ఎక్కువ పూస్తే లోపలికి జారి ఆయిల్ దారులు మూసుకుంటాయి, పల్చగా రాయి. స్క్రూలను ఒక్కోదాన్ని పూర్తిగా బిగించకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ పో.

బిగించాక వెంటనే స్టార్ట్ చేయకు. ప్లగ్గు తీసి, తాళం ఆపి, మెల్లగా కిక్కు తొక్కుతూ ఉండు. పైన వాల్వులను నొక్కే రాకర్లకు పోయే సన్న పైపు బోల్టు కొంచెం వదులు చేసి పెట్టుకో. అక్కడ ఆయిల్ ఊరితే పంపు తిరుగుతోంది. బోల్టు బిగించి, ప్లగ్గు పెట్టి, అప్పుడు మామను పిలువు.